దూరం రోజుల పాట

మా అమ్మ చార్నాకి కళ్లలో పొర కమ్మాక చెవులు పదునెక్కాయి. కిరోసిన్ పొయ్యి పక్కన కుర్చీ వేయించుకుని పొద్దుటి నుంచి పడుకునేదాకా అక్కడే కూర్చునేది. సరిగ్గా ఆమె నెత్తి మీది గదిలో నా తమ్ముడు ఆంషెల్, వాడి భార్య తోయ్బా కాపురం. మధ్యలో చెక్కల కప్పు. పైన చెంచా కింద పడితే అది టీ చెంచానో గరిటెనో అమ్మ చెప్పగలిగేది.

తోయ్బా పాడేది. సఫేద్ నుంచి వచ్చిన పిల్ల. ఆ కొండ ఊళ్లో ఆడవాళ్లు దుప్పట్లు ఆరేస్తూ పాడుకునే పాటలన్నీ దాని నోట ఉండేవి. "గాలీ గాలీ, నా తలగుడ్డ ఎక్కడ దాచావే" అనేదొకటి నాకు ఇప్పటికీ వస్తుంది. గొంతు ఎత్తేది కాదు. కిటికీ మూసి, పళ్లెం కడిగినంత చప్పుడుతో పాడేది. మా మగవాళ్లందరిలాగే ఆంషెల్ కూడా రోజంతా యెషీవా మతపాఠశాలలో ధర్మశాస్త్రం ముందు కూర్చునేవాడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేవాడు. వాడు తింటుంటే అది పాడేది.

మా యూదుల్లో పరాయి మగవాడు ఆడదాని పాట వినకూడదు. మొగుడు వినొచ్చు. అయితే ఆమె దూరంగా ఉన్న రోజుల్లో మొగుడూ పరాయివాడే. ముట్టు ఐదు రోజులు, ఆపైన శుభ్రంగా లెక్కపెట్టుకునే ఏడు రోజులు, ఆ తర్వాత మిక్వా కొలనులో మునక. ఆ పన్నెండు రోజులూ ఆమె చెయ్యి తగలకూడదు, మంచం తగలకూడదు, పాట చెవిన పడకూడదు. ఆంషెల్ మరీ పట్టింపు మనిషి. ఆ రోజుల్లో మధ్యాహ్నం ఇంటికే వచ్చేవాడు కాదు. డబ్బాలో రొట్టె పెట్టుకుపోయి యెషీవాలోనే తినేవాడు. పైన అడుగుల చప్పుడు ఉండేది కాదు, పాటా ఉండేది కాదు.

అందువల్ల వాళ్ల కాపురంలో ఏం జరుగుతోందో అమ్మకు క్యాలెండర్ అక్కర్లేకుండా తెలిసిపోయేది. నెల నెలా పాట ఆగిన రోజున, వాకిట్లో బట్టలుతుకుతున్న ఆడవాళ్లందరికీ వినబడేలా అనేది.

"మళ్లీ మూగపడిందే మీ కోకిల! ఈ నెలా ఏం లేదు."

ఆడవాళ్లు తలలు వంచుకుని నవ్వుకునేవాళ్లు. కాసేపటికి తోయ్బా బకెట్ పట్టుకుని ఆ వాకిట్లోకే దిగి రావాలి. దిగి వచ్చేది.

నేను పేషాని. ఆంషెల్ కంటే తొమ్మిదేళ్లు పెద్ద. పదేళ్లు కాపురం చేసి, పిల్లలు లేరని విడాకుల కాగితం పుచ్చుకుని అమ్మ దగ్గరికి తిరిగి వచ్చినదాన్ని. వీధి చివరి మిక్వాలో పని చేసేదాన్ని. మునిగే ఆడదాని వెంట్రుక ఒక్కటైనా నీటిపైన తేలకుండా చూసి, మునక సరిగా పడితే "కోషెర్" అని పలకడం నా పని. మూడు మునకలకు మూడుసార్లు. ఎవరు వచ్చారు, ఏ రోజు వచ్చారు అన్నది నా నోట రాకూడదు. ఆ పనిలో పెట్టుకునేటప్పుడు నాతో ఒట్టు వేయించుకున్నది అదొక్కటే.

ఆ ఏడు పర్ణశాలల పండుగ అయిపోయి చలి మొదలైంది. గుడ్లు కూపన్ల మీద వారానికి తలా ఒకటో రెండో ఇచ్చే రోజులవి. చలికాలంలో దీపాల పండుగ వారానికి ఆంషెల్ పెళ్లయి పదేళ్లు నిండుతాయి. పదేళ్లు పిల్లలు కలగకపోతే మగవాడు ఆ భార్యను విడిచి ఇంకొకరిని చేసుకోవాలని శాస్త్రం. చాలామంది దాన్ని చూసీ చూడనట్టు పోనిచ్చేవాళ్లు. మా అమ్మ పోనిచ్చే మనిషి కాదు. పర్ణశాలల పండుగ కాగానే పెళ్లిళ్ల పేరయ్య గెట్జెల్‌ని పిలిపించింది.

"చార్నమ్మా, నీ కోసం ముత్యం తెచ్చాను," అన్నాడు గెట్జెల్ కోటు విప్పుతూ.

"ముత్యం నాకెందుకయ్యా గుడ్డిదానికి? కనేదాన్ని తే."

"అదే చెబుతున్నా. పెతాహ్ తిక్వా ఊళ్లో ఓ వితంతువు. ముప్పై నిండలేదు. మీరు కొహెన్లు, యాజక వంశం గదా, వితంతువు పనికొస్తుందో లేదోనని రబ్బీని అడిగే వచ్చాను. పనికొస్తుంది. ఇద్దరు మగపిల్లలు. ఇంతకంటే రుజువేం కావాలి? ఇల్లంతా గెంతుతోంది రుజువు!"

"గొంతెలా ఉంటుంది?"

"కాకి గొంతు."

"మంచిది. పాటలు పాలిస్తాయా, పిల్లల్నిస్తాయా?"

ఈ మాటలు జరుగుతున్నప్పుడు తోయ్బా అక్కడే ఉంది. టీ గ్లాసులు సర్దుతోంది. అమ్మ దానివైపు తలైనా తిప్పకుండా, "గెట్జెల్ గ్లాసులో చక్కెర ఇంకాస్త వెయ్యి. చలిలో దూరం నుంచి వచ్చాడు పాపం," అంది.

తోయ్బా వేసింది. చెంచా గ్లాసుకి తగిలి గణగణమంది. అది కలుపుతున్న చప్పుడు కాదని ఆ గదిలో నాకొక్కదానికే కనబడింది.

ఆ సాయంత్రం ఆంషెల్‌ని పట్టుకుని అడిగాను. "నువ్వేమంటావురా?"

"నేనేమంటానక్కా? దేవుడేం రాశాడో అదే."

"దేవుడి సంగతి కాదు. నీ సంగతి."

వాడు టోపీ సరిచేసుకున్నాడు. "పండుగ ఇంకా రెండు నెలలుంది గదా," అన్నాడు.

ఆ నెల పాట ఆగలేదు.

ఆగాల్సిన రోజు అమ్మ తల పైకెత్తి కూర్చుంది. మధ్యాహ్నం పైన బూట్లు నడిచాయి. కుర్చీ జరిగింది. పాట మొదలైంది. మర్నాడూ అంతే. వారం గడిచింది, పన్నెండు రోజులు గడిచాయి, పాట సాగుతూనే ఉంది. అమ్మ ముఖం చూడాలి అప్పుడు! కన్న కూతుర్ని, అంత మెత్తగా ఆ ముఖాన్ని నేనెప్పుడూ చూడలేదు.

"నిలిచిందే," అంది నా చెవిలో. "ఎవరితోనూ అనకు. మూడు నెలలు నిండేదాకా దిష్టి. ఆంషెల్ దగ్గర కూడా ఎత్తకు, మగాళ్లతో అలాంటివి మాట్లాడకూడదు."

నన్ను అనవద్దని తనే వాకిలంతటికీ చెప్పింది. తోయ్బా బకెట్ ముట్టుకోబోతే పొరుగింటి రైట్సా వచ్చి లాక్కునేది. అమ్మ తన కూపను గుడ్డు తను తినడం మానేసి తోయ్బాకి ఉడకబెట్టి ఇచ్చేది.

"తిను తల్లీ. పచ్చసొన వదలకు."

"వద్దత్తయ్యా, మీరు తినండి."

"నాకెందుకే, నేనేం పెరగాలి? తిను."

తోయ్బా తల వంచుకుని తినేది. చిన్న చిన్న ముక్కలు చేసుకుని మెల్లగా తినేది. అమ్మ నావైపు తిరిగి, "చూశావా పేషా, ఓర్చుకుంటే దేవుడిస్తాడు. నీ కడుపే ఎండుకట్టె గానీ మా వంశానిది కాదు," అనేది.

ఆ వారంలోనే ఒకనాడు చుక్కలు పొడిచాక మిక్వా తలుపు తెరుచుకుని తోయ్బా లోపలికి వచ్చింది. తలగుడ్డ కళ్లదాకా లాక్కుని ఉంది. కడుపుతో ఉన్న ఆడది మిక్వాకి రాదు. నేను తువ్వాలు అందించాను. అది మూడుసార్లు మునిగింది. మూడుసార్లూ నేను "కోషెర్" అన్నాను. ఒళ్లు తుడుచుకుంటూ, "వదినా, నువ్వు నన్ను చూళ్లేదు," అంది.

"నేనిక్కడ ఎవర్నీ చూడను," అన్నాను. అది నేను అందరితోనూ అనే మాటే.

ఇంటికి పోయాక నిద్ర పట్టలేదు. ముట్టు వచ్చి, రోజులు లెక్కపెట్టుకుని మునకకి వచ్చిందంటే ఆ పన్నెండు రోజులూ అది దూరంగా ఉన్నట్టే. మరి ఆ పాట? ఆ బూట్ల చప్పుడు? శాస్త్రం పక్కన పెట్టి మా ఆంషెల్ మధ్యాహ్నాలు ఇంటికి వచ్చి పాట విన్నాడా? వాడా?

తర్వాతి నెల పాట ఆగాల్సిన రోజు దాకా ఓపిక పట్టాను. ఆ మధ్యాహ్నం అమ్మ సూపు తాగుతుండగా మెల్లగా పైకెళ్లాను. తలుపు గడియ వెయ్యలేదు. నెట్టాను.

తోయ్బా ఒక్కతే ఉంది. కాళ్లకు ఆంషెల్ పాత బూట్లు. అవి దాని మోకాళ్ల దాకా వచ్చినంత పెద్దగా కనబడుతున్నాయి. జారిపోకుండా లోపల గుడ్డలు కుక్కింది. మగవాడిలా అడుగు తీసి అడుగు వేస్తూ, ఆంషెల్‌లాగే కుడికాలు కాస్త ఈడుస్తూ కిటికీ దాకా నడిచింది, కుర్చీ జరిపింది, ఆంషెల్ దగ్గే పొడిదగ్గు ఒకటి దగ్గింది. అప్పుడు పాట ఎత్తుకుంది. తిరిగి చూసి నన్ను గమనించింది. పాట మాత్రం ఆపలేదు. ఆపితే కింద వినబడుతుంది. పాడుతూనే నా దగ్గరికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. చరణం అయ్యాక గుసగుసగా అంది.

"వదినా, నీ కాళ్లు మొక్కుతా."

"ఏమిటే ఈ వేషం? మగాళ్ల బూట్లు ఆడది తొడగొచ్చా?"

"తొడక్కూడదు. తెలుసు."

"ఎన్నాళ్లు దాస్తావ్? కడుపు ముందుకి రాకపోతే వాకిట్లో కళ్లున్నవాళ్లు లేరా?"

"అంతదాకా ఎందుకు? దీపాల పండుగకి నాలుగు రోజుల ముందు పోయిందని చెబుతాను. రైట్సాకి చెబితే చాలు, సాయంత్రానికి అత్తయ్యకి చేరుతుంది."

"పోతే మాత్రం ఏం? పదేళ్లు పదేళ్లేగా?"

"కాదు వదినా." దాని కళ్లు మెరిశాయి. "కడుపు పోయిందంటే పదేళ్ల లెక్క మళ్లీ మొదట్నుంచి. పోయిన రోజు నుంచి. శాస్త్రంలోనే ఉంది. మా నాన్న బల్ల దగ్గర కూర్చుని పాఠం చదువుతుంటే విన్నాను. ఇంకో పదేళ్లు వదినా! ఈ పదేళ్లలో నిజంగా నిలవదంటావా? ఆయన దగ్గర అనకు. ఆయనకి అబద్ధం రాదు. అత్తయ్య ఆయన్ని అడగదు, ఆయనంతట ఆయన చెప్పడు. నువ్వొక్కదానివే."

చేతులు విడిపించుకుని బయటికి వచ్చాను. తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగాను.

నాకు పెళ్లయిన మూడో ఏట ఒకటి పోయింది. నాలుగో నెలలో. అప్పుడు అమ్మే వచ్చి నా దగ్గర వారం రోజులు ఉంది. ఏడేళ్ల తర్వాత పదేళ్లు నిండాయని నా భర్త జుండెల్ నాకు కాగితం ఇచ్చాడు. లెక్క మళ్లీ మొదలవుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఇంకా మూడేళ్లు నాకు మిగిలి ఉండగానే వచ్చేశాను.

ఆ సాయంత్రం అమ్మ కళ్లలో చుక్కలు వేస్తూ అడిగాను.

"అమ్మా, కడుపు పోతే పదేళ్ల లెక్క మళ్లీ మొదట్నుంచి అంటారు, నిజమేనా?"

"నిజమే. ఏం?" అమ్మ కంగారుగా తల ఎత్తింది. "తోయ్బాకి ఏమైనా అయిందా?"

"తోయ్బాకేం కాలేదు. నా సంగతి అడుగుతున్నా. నాకు ఒకటి పోయింది గదా."

అమ్మ రెప్పలు మూసుకుంది. మందు చెంపల మీదికి కారింది.

"నీ అత్త నన్ను అడగలేదు," అంది. "నేను చెప్పలేదు."

"నీకు తెలుసా అప్పుడు?"

"తెలుసు. నాకు అప్పటికే కళ్లు మసకలేస్తున్నాయే. ఆంషెల్ ఇంకా పెళ్లికాని వాడు. ఇంట్లో ఓ ఆడమనిషి కావాల్సొచ్చింది. ఆ జుండెల్ దగ్గర ఇంకో మూడేళ్లుండి నువ్వేం ఉద్ధరించేదానివి? రెండో కంట్లో వెయ్యి, ఆరిపోతోంది."

రెండో కంట్లో వేశాను.

తెల్లవారి వాన. నేను యెషీవా గేటు దగ్గరికి వెళ్లి ఆంషెల్‌ని పిలిపించాను. వాడు తడిసిన కోటుతో బయటికి వచ్చాడు, చేతిలో రొట్టె డబ్బా.

"ఏంటక్కా, అమ్మకేమైనా?"

"అమ్మ నిన్నే తలుస్తోంది. ఇవాళ భోజనానికి ఇంటికి రా."

వాడి చెవులు ఎర్రబడ్డాయి. "ఇవాళ... ఇవాళ కుదరదక్కా. ఈ వారం కుదరదు."

"నిన్ను పైన తినమన్నానా? అమ్మ దగ్గర తిను. పన్నెండున్నరకి రా. ముందు పైకెళ్లి ఆ తడికోటు మార్చుకో, జలుబు చేస్తుంది."

ఇంతే అన్నాను. తోయ్బా పేరు ఎత్తలేదు. మిక్వా మాట ఎత్తలేదు. అమ్మ వాడిని తలవని రోజు లేదు కాబట్టి అదీ అబద్ధం కాదు. వాడు తలుపు తడతాడు, అది పాట ఆపేస్తుంది, ఇద్దరూ మాట్లాడుకుంటారు, వాడికి విషయం తెలుస్తుంది, ఏదో ఒక దారి చూస్తాడు అనుకున్నాను. అలా అనుకున్నానని ఇన్నేళ్లూ చెప్పుకుంటూ వస్తున్నాను. ఎవరూ లేనప్పుడు అంత గట్టిగా చెప్పుకోలేను.

పన్నెండు దాటింది. అమ్మ పొయ్యి పక్కన సూపు తాగుతోంది. నేను బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను. పైన బూట్లు నడిచాయి, కుర్చీ జరిగింది, దగ్గు వినబడింది. పాట మొదలైంది. ఆ వేళ ఎందుకో అంతకుముందెప్పుడూ వినని పాట పాడింది. నిదానంగా, సాగదీసి. వాన చప్పుడుకి కింద వినబడదేమోనని కాస్త గొంతు కూడా పెంచింది.

అప్పుడు బయటి మెట్ల మీద అడుగులు. ఎక్కుతూ ఎక్కుతూ సగంలో ఆగిపోయాయి. నేను తలుపు సందులోంచి చూశాను. ఆంషెల్ వానలో, మెట్ల మధ్యలో, ఒక చెయ్యి గోడకి ఆనించి నిలబడి ఉన్నాడు. పైకీ పోలేదు, కిందికీ దిగలేదు. టోపీ అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. చిన్నప్పుడు నిద్రలో అలాగే ఉండేవాడు.

"పేషా," అంది అమ్మ. "మెట్ల మీద ఎవరే?"

"ఎవరో."

"ఎవరో కాదు. మన ఆంషెల్. కుడికాలు ఈడ్చి ఎక్కాడు."

పైన బూట్లు కిటికీ దాకా నడిచాయి.

అమ్మ చేతిలోంచి సూపు గిన్నె జారింది.

"ఆంషెల్ మెట్ల మీద ఉంటే మరి పైన నడిచేదెవడే?"

"అమ్మా, ఉండు, నేను చెబుతా..."

"ఎవడే? నా కొడుకు గదిలో నడుస్తున్న మగాడెవడే?" కర్ర పట్టుకుని గోడ తడుముకుంటూ వాకిట్లోకి వచ్చేసింది. వానలో నిలబడి అరిచింది. "రైట్సా! ఓ రైట్సా! అందరూ రండి! నా కొడుకు మెట్ల మీద నిలబడి ఉండగానే దాని గదిలో ఎవడో ఉన్నాడు! బూట్లు వినబడుతున్నాయి!"

తలుపులన్నీ తెరుచుకున్నాయి. పిండి చేతులు పిండితోనే, సబ్బు చేతులు నురగతోనే ఆడవాళ్లు బయటికి వచ్చారు. పాట ఆగిపోయింది. ఆంషెల్ రాయిలా నిలబడి ఉన్నాడు.

"మగాణ్ణి పెట్టుకుని పాటలు పాడుతోందే! ఆ కడుపు ఎవడిదో ఇక చెప్పక్కర్లేదు!"

అంతమాట పడ్డాక తోయ్బాకి దాక్కునే దారి లేదు. మగవాడెవడూ లేడని చూపించాలంటే అది బయటికి రావాలి, ఆ బూట్లతోనే రావాలి. తలుపు తీసుకుని మెట్ల పైన నిలబడింది. వాకిలంతా దాని కాళ్ల వైపు చూసింది. తర్వాత రైట్సా పకపకా నవ్వింది. నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంది.

"ఏమైందే? ఎందుకు నవ్వుతున్నారు?" అని అమ్మ అటూ ఇటూ తల తిప్పుతోంది. "ఎవడు వాడు?"

"ఎవడూ కాదు పెద్దమ్మా, నీ కోడలే! మొగుడి బూట్లు తొడుక్కుంది!"

అమ్మకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. బూట్లు అబద్ధం, మధ్యాహ్నాలు అబద్ధం, కాబట్టి కడుపూ అబద్ధం. మగాడు లేడని తెలిసి తేరుకోవాల్సిన మనిషి అప్పుడే కూలబడింది.

"నా నోటిదగ్గరి గుడ్లన్నీ తిన్నావు గదే," అంది.

మత న్యాయసభకి ఆంషెల్ తనంతట తనే వెళ్లాడు, మర్నాడే. వాడి వెనక అమ్మా, నేనూ, తోయ్బా నడిచాం. ముగ్గురు రబ్బీలు కూర్చున్నారు. పెద్దాయనకు ఉబ్బసం, ప్రతి మాటకీ ఆగి ఊపిరి తీసుకునేవాడు.

"ఎందుకొచ్చావు నాయనా?"

"దూరంగా ఉన్న రోజుల్లో నా భార్య పాట విన్నాను."

"విన్నావా, చెవిన పడిందా?"

"మొదట చెవిన పడింది. తర్వాత విన్నాను."

"తలుపు తట్టొచ్చుగా?"

"తడితే ఆపేస్తుంది."

పెద్దాయన గడ్డం నిమురుకున్నాడు. "పాపం నీది. ఒక్కదాన్నే ఉన్నాననుకుని ఆమె పాడింది. ఒకరోజు ఉపవాసం ఉండు. ఇంటికి పో."

తోయ్బా తలెత్తింది. దాని ముఖంలోకి రక్తం రావడం నేను చూశాను.

"మరి బూట్లు?" అంది అమ్మ.

"దానికి ఆమె ఒకరోజు ఉపవాసం ఉంటుంది."

"లేని కడుపు?"

"ఉందని ఆమె నోటితో అందా, పెద్దమ్మా?"

"అనలేదు."

"మరి?"

"మరి పదేళ్లు!" అమ్మ కర్రతో నేలని పొడిచింది. "పందొమ్మిది రోజుల్లో నిండుతాయి."

"శాస్త్రం అలా చెబుతుంది. ఈ రోజుల్లో ఏ సభా బలవంతం చెయ్యదు. అతని ఇష్టం." పెద్దాయన ఆంషెల్ వైపు తిరిగాడు. "నీకేం కావాలి?"

ఆంషెల్ నేల చూస్తూ అన్నాడు. "రబ్బీగారూ, పదేళ్లుగా నా భోజనం దగ్గర పాడింది. నేను తింటూ ఉండేవాణ్ణి. ఆ రోజు విన్నంతగా ఎప్పుడూ వినలేదు. రేపు దూరం రోజుల్లో మళ్లీ పాడితే మళ్లీ మెట్ల మీద నిలబడతాను. నాకు తెలుసు."

"ఇక పాడను," అంది తోయ్బా. సభలో ఆడది అడగకుండా మాట్లాడకూడదు. "ఎప్పుడూ పాడను. మామూలు రోజుల్లో కూడా."

"నువ్వు పాడకపోయినా నేను వింటూనే ఉంటాను," అన్నాడు వాడు, దానివైపు చూడకుండా.

పెద్దాయన దగ్గు తగ్గేదాకా ఆగాడు. "వెర్రివాడా, నీ చెవికి పట్టిన జబ్బుకి ఆమెకి మందు పొయ్యాలంటావా? నువ్వు కొహెన్‌వి. విడాకులైన ఆడదాన్ని కొహెన్ చేసుకోకూడదు, తను విడిచిన భార్యనైనా సరే. కాగితం ఇచ్చాక నువ్వు ఏడ్చినా, ఆమె ఏడ్చినా, నేను ఏడ్చినా తిరిగి రాదు. పందొమ్మిది రోజులు ఆలోచించుకో."

ఆ పందొమ్మిది రోజుల మధ్యలో తోయ్బాకి మునక రోజు వచ్చింది. వచ్చింది మిక్వాకి. గోళ్లు కత్తిరించుకుని, జుట్టు చిక్కు తీసుకుని, పెళ్లికూతురిలా శుభ్రంగా తయారై వచ్చింది. ఆ రోజు నీళ్లు కాచలేదు, చన్నీళ్లే. మూడుసార్లు మునిగింది. నేను మూడుసార్లు "కోషెర్" అన్నాను. ఆ రాత్రి ఆంషెల్ యెషీవా బల్ల మీద పడుకున్నాడు. తర్వాతి రాత్రీ అక్కడే. ఇంటికి రమ్మని అడగడానికి నేను వెళితే, "ఆలోచించుకుంటున్నానక్కా," అన్నాడు. కింద అమ్మ తన గుడ్డు తాను తినడం మొదలుపెట్టింది. పచ్చసొన మొదట తినేది.

దీపాల పండుగ మూడో రోజున కాగితం రాశారు. రాసే ఆయన పేర్లన్నీ అడిగాడు. అసలు పేరు, ముద్దుపేరు, ఎగతాళి పేరు, మనిషిని ఏ పేరుతో పిలిచినా అది రాయాల్సిందే, లేకపోతే చెల్లదు.

"వాకిట్లో ఇంకేమని పిలుస్తారు?"

"కోకిల," అంది, పేర్లు చెప్పడానికి వచ్చిన రైట్సా.

ఈకకలం సిరాలో ముంచి అదీ రాశాడు.

పెద్దాయన ఆంషెల్‌ని మూడుసార్లు అడిగాడు, ఎవరి బలవంతమూ లేదు కదా అని. మూడుసార్లూ లేదన్నాడు. మూడోసారి గొంతు రాలేదు. తల ఊపితే చాలదు, పలకాలన్నారు. పలికాడు. తోయ్బా రెండు చేతులూ దోసిలి పట్టింది. దానంతట అది వేళ్లు ముయ్యకూడదు. వాడు మడిచిన కాగితం ఆ దోసిట్లో వదిలి, "ఇక నువ్వు ఎవరికైనా చెందొచ్చు," అన్నాడు. అలా అనాలి. అది కాగితాన్ని చంకలో పెట్టుకుని తలుపు దాకా నడిచి వెనక్కి వచ్చింది. అలా నడవాలి. వాళ్లు దాన్ని తీసుకుని కత్తెరతో కోసి దాచుకున్నారు.

బస్సుస్టాండుకి నేనే తీసుకెళ్లాను. సఫేద్ నుంచి వాళ్లన్న రాలేదు, పనుందని కబురు పెట్టాడు. ఒక మూట, ఒక కొయ్యపెట్టె. చలిగాలికి దాని పెదవులు నీలంగా ఉన్నాయి. హైఫా బస్సు ఇంకా నిండలేదు. లోపల కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టాను. కిందికి దిగి కిటికీ దగ్గర నిలబడ్డాను.

"అత్తయ్య కళ్లు కడిగాకే చుక్కలు వెయ్యి వదినా. పొద్దున్న పూట పుసులు కడతాయి."

"వేస్తాలే."

"ఆయనకి ముల్లంగి పడదు."

"కొత్తావిడకి చెబుతా."

అన్నాక నాలుక కరుచుకున్నాను. అది కోప్పడలేదు. మూట ఒళ్లోకి జరుపుకుంది.

"ఒక్కటే అర్థం కాదు వదినా. పదేళ్లలో దూరం రోజున ఆయన మధ్యాహ్నం ఇంటికి వచ్చింది లేదు. ఆ ఒక్కరోజే ఎందుకొచ్చారు? ఎవరైనా చెప్పారంటావా?"

డ్రైవర్ ఎక్కి తలుపు వేశాడు. ఇంజను అదిరింది. చెప్పడానికి నాకు కావలసినంత సమయం ఉంది.

"నేను నీ గురించి ఎవరితోనూ ఒక్క మాట అనలేదు," అన్నాను.

"అయ్యో, నిన్నంటానా!" అది కిటికీలోంచి చెయ్యి బయటికి చాచి నా చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకుంది. "ఆ ఇంట్లో నన్ను కాపాడింది నువ్వొక్కదానివే. ఎక్కడున్నా నీ పేరు తలుచుకునే దీపం పెడతాను."

బస్సు కదిలింది. అది వేళ్లు వదలలేదు. నేను నాలుగడుగులు పక్కన నడిచి, నా వేళ్లు నేనే లాక్కున్నాను.

తర్వాత ఇంటికి నడిచాను. ఆ సాయంత్రం ముగ్గురు మునకకి రావాల్సి ఉంది. నీళ్లు కాచాలి.